సున్నా చుట్టిన సంఖ్యలు

నారాయణఖేడ్‌లో మా చేను కంది కోసి కల్లంలో ఎండేసిన రోజులవి. నాకు పీహెచ్‌డీ చివరి సంవత్సరం. పొద్దంతా అన్నతో కలిసి కర్రతో కంది కొట్టడం, కాస్త నీడ దొరికితే నోటుబుక్కు తెరవడం.

నా పని అంతులేని సంఖ్యల వరుసల మీద. అలాంటివి అంతులేనన్ని తీసుకోవాలి. ఏ రెండింటిలోనూ ఉమ్మడి సంఖ్యలు కొన్నే ఉండాలి. ఇంకో కొత్త వరుసకు చోటే లేనంతగా ఆ కుటుంబం నిండాలంటే కనీసం ఎన్ని వరుసలు కావాలి? ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ అంతులేకుండా పోయినా అన్ని వరుసలు చాలవు. ఒక్కో వరుసలోంచి, పై వరుసల్లో లేని సంఖ్యను ఒకదాన్ని ఏరుకుంటూ పోతే వాటితోనే కొత్త వరుస పుడుతుంది. అలా ఏరినవాటికి సున్నా చుట్టేవాణ్ణి.

మా దిక్కు సంఖ్యకు సున్నా చుట్టి కనిపిస్తే అది మట్కా జూదమే. నాయన ఆ పిచ్చిలోనే పురుగుల మందు తాగి చచ్చిపోయాడు. నురగలు కక్కుతున్న ఆయన్ని దవాఖానకు మోసింది అన్నే.

"ఏందిర గీ నంబర్లు? నాయన్ని మింగింది సాలదా? గదే తొవ్వ పట్టినవా?" అని, ఒకరోజు నా నోటుబుక్కు చూసిన అన్న జుట్టు పట్టి ఈడ్చాడు.

"మట్కా కాదన్నా, నా సదువు!"

"సదువైతే సున్నాలెందుకు సుడ్తవ్‌రా? నా చెవుల పువ్వు పెడ్తున్నవా?"

కర్ర మొదటి దెబ్బకే పెదవి పగిలింది. నోరంతా రక్తం. వీపు మీద ఎన్ని పడ్డాయో తెలియదు. తర్వాత కర్ర పారేసి, నోటుబుక్కును టీ మరుగుతున్న పొయ్యిలో కుక్కాడు. వారంలో మా సారుకు ఇవ్వాల్సిన నిరూపణ అది. ఇంకో కాపీ లేదు.

నాకు ఒళ్ళు తెలియలేదు. అదే కర్ర తీసి అన్న కుడిచేతి మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా ఇంకొకటి వేశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణాన హాయిగా ఉండింది.

దవాఖానలో డాక్టరుతో, "కల్లంల జారి పడ్డ" అన్నాడు అన్న. డాక్టరు పోయాక నా వైపు తిరిగాడు.

"నిజంగ మట్కా కాదార?"

"కాదన్నా. నీ తోడు."

"నువ్వు గూడ పోతవనుకున్నర" అని బోరుమన్నాడు.

నిరూపణ నాలుగు రోజుల్లో మళ్ళీ రాసేశాను. అంతా తలలోనే ఉంది. అన్న ఇప్పటికీ ఆ చేత్తో బువ్వ కలుపుకోలేడు.