పేజీ తిప్పకముందే

బడికి విద్యా కమిటీ వేసిన రోజు నేను అక్కడికి పోయింది మా వాడు ఇంట్లో మరిచిపోయిన నీళ్ళ సీసా ఇవ్వడానికి. వరండాలో తల్లిదండ్రులు కూర్చొని ఉన్నారు. కమిటీలో ఆడవాళ్ళు కూడా ఉండాలని పెద్దసారు చెప్పగానే, అక్కడున్న ఆడవాళ్ళందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి జరిగారు. నేను నిలబడి ఉన్నాను కాబట్టి జరగడం ఆలస్యమైంది. అంతే, మెంబరునైపోయాను.

"నాకు మాట్లాడరాదు సారూ," అన్నాను.

"మాట్లాడేటోళ్ళు మస్తుమంది ఉన్నరమ్మా. జర ఇనేటోళ్ళు గావాలె," అని నవ్వాడు పెద్దసారు.

వినడమైతే వచ్చు. ఒకసారి చెవిన పడ్డది నాకు మరి పోదు. చదవడమే రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సంతకం మాత్రం మా ఆయన నేర్పాడు. దాన్ని ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిప్పాలో తెలుసు గానీ, ఏ గీత ఏ అక్షరమో తెలియదు. కమిటీ చైర్మన్ మా వీధి మలుపులో కిరాణా కొట్టు ఆయనే. అందరికంటే నా సంతకమే అందంగా ఉందని మెచ్చుకున్నాడు. నేను తల దించుకుంటే వినయం అనుకున్నారు.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. మా ఆయన చీర నేస్తుంటే నేను పక్కన రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేదాన్ని. సాయంత్రం మా వాడు గడప మీద కూర్చొని పాఠం పైకి చదివేవాడు. రాట్నం తిప్పుతూ వినేదాన్ని. అలా వింటూ వింటూ ఐదో తరగతి తెలుగు పుస్తకమంతా నాకు నోటికి వచ్చేసింది. అందులో ఉడుత పాఠం ఒకటి. "ఉడుత కొమ్మ చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి..." అని మా వాడు ఆగేవాడు. వేలు నాలుకకు తడి చేసుకొని పేజీ తిప్పేవాడు. "పిల్లలను పిలిచింది" అని అప్పుడు అందుకునేవాడు. ఆ ఆగడం కూడా పాఠంలో ఉన్నదేనన్నట్టు నా చెవికి అలవాటైపోయింది.

మెంబరు పని మాత్రం మనసు పెట్టే చేశాను. మధ్యాహ్న భోజనం బియ్యంలో రాళ్ళు ఏరాను. పగిలిన కుళాయి బాగుచేసే దాకా చైర్మన్ కొట్టు ముందు నిలబడ్డాను. బడి మానిన పిల్లల ఇళ్ళకు తిరగడంలో నేనే ముందు. "పిల్లను తోలియ్యి అక్కా, సదువు లేకుంటె ఎట్ల బతుకుతది?" అని ఎన్ని గడపల ముందు అన్నానో. అనేటప్పుడు గొంతు బాగానే పలికేది. ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చున్నాకే సిగ్గేసేది.

మా ఇంటికి గాజులు తెచ్చే ఆమె ఒకతె ఉండేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, నాన్నను అబ్బా అంటారు. దగ్గరలో ఉందని బిడ్డను మా తెలుగు బడిలోనే వేశారు, మా వాడి తరగతే. ఆమె భర్త స్టవ్వులు బాగుచేసేవాడు. ఐదో తరగతి అయ్యాక పెద్దబడికి పోవాలంటే ఊరికి ఆ చివరకు పోవాలి. ఆయన ఒకటే మాట మీద ఉన్నాడు. పిల్ల బాగా చదువుతున్నదని తన చెవులతో వింటే పెద్దబడికి పంపుతాడు. లేకపోతే తల్లి వెంట గాజుల బుట్ట పట్టాల్సిందే.

ఐదో తరగతి పిల్లల చేత తల్లిదండ్రుల ముందు చదివించాలని కమిటీలో అనుకున్నప్పుడు, ఆ వినడం కోసమే ఆయన పని మానుకొని వచ్చాడు. భార్య పక్కన నిలబడ్డది. నాకు మెంబర్ల వరుసలో కుర్చీ వేశారు.

పిల్ల లేచి ఉడుత పాఠం అందుకుంది. గొంతు ఖంగున మోగింది. ఎక్కడా తడబాటు లేదు. తండ్రి ముఖం విచ్చుకుంది. అందరూ పిల్ల ముఖం చూస్తున్నారు. ఎవరి ముందైనా పుస్తకం కనబడితే అక్షరాల మీద నుంచి చూపు తప్పించుకోవడం నాకు అలవాటు. అందుకని పుస్తకం పట్టుకున్న ఆ పిల్ల చేతులు చూస్తూ కూర్చున్నాను.

"ఉడుత కొమ్మ చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి పిల్లలను పిలిచింది..."

చేతులు కదల్లేదు. అవతలి పేజీ మాటలు ఇంకొన్ని చెప్పేశాక, గుర్తొచ్చినట్టు పేజీ తిప్పింది.

"అయ్యో, తిప్పలే గద!" నా నోట్లోంచి జారిపోయింది.

"ఏంది మెంబరమ్మా?" అన్నాడు చైర్మన్.

అప్పుడైనా ఏమీ లేదని అనాల్సింది. "పేజి తిప్పకముందే అవుతలి మాట వచ్చింది. పిల్ల సదువుత లేదు. ఒప్పజెప్తున్నది," అన్నాను.

పెద్దసారు లేచి వేరే పాఠం మధ్యలో వేలు పెట్టి చూపించాడు. పాపం, ఆయన ఒక్కడే రెండు గదుల మధ్య తిరుగుతూ అన్ని తరగతులూ చూసుకునేవాడు. పిల్ల ఆ వేలు వైపు చూసింది, తల్లి వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"మేమంత ఇంటున్నం, మాకెవ్వరికి తెల్వలే. నీకెట్ల తెల్సింది?" అన్నాడు చైర్మన్. మెచ్చుకోలుగానే అడిగాడు.

పిల్ల నావైపే చూస్తున్నది. ఇక దాచడం చేతకాలేదు.

"నాకు గూడ సదువ రాదు. నేను గూడ గట్లనే ఒప్పజెప్త."

"మెంబరు, పిల్ల... జోడు మంచిగ కుదిరింది పో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది. స్టవ్వులాయన నవ్వలేదు. బిడ్డ రెక్క పట్టుకొని గేటు దాటి పోయాడు. మా వాడు తలుపు చాటున నిలబడి ఉన్నాడు. నేను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని, "అమ్మా, ఇగ నువ్వు బడికి రాకే," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

కొన్నాళ్ళకు గాజులామె వచ్చింది. బుట్ట దించి, నా చెయ్యి అందుకుంది. గాజులు వేయించుకునేటప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోలేం కదా. వేళ్ళన్నీ దగ్గరికి నొక్కి, గాజు ఎక్కిస్తూ మాట్లాడింది.

"చెయ్యి జర మెత్తగ వెట్టు అక్కా. గంత బిర్రుగ ఎందుకు వెడుతున్నవ్?"

"పిల్ల బడికొస్త లేదు..."

"యాడి బడి? ఎవ్వరికి మొఖమే జూపిస్త లేదు. నీకు తెల్సినప్పుడు నా చెవిల జెప్తె ఏం బోయె? అందరి ముంగట జెప్పాల్నా?"

గాజు ఎముక దగ్గర ఆగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొస్తుందా?"

"లే."

"నొయ్యాలె," అని ఒక్క నొక్కు నొక్కి ఎక్కించేసింది. ఎక్కించాక మాత్రం చెయ్యి వెంటనే వదల్లేదు.

మర్నాడు వాళ్ళింటికి పోయాను. అన్ని గడపల ముందు అలవాటుగా అనే మాటలు ఆ గడప ముందు ఒక్కటీ నోట్లోకి రాలేదు. పిల్ల పరదా వెనక ఉంది. పరదా కింద కాలి వేళ్ళు కనిపిస్తున్నాయి. వాటికే చెప్పుకున్నాను.

"బడి ఇడిసినంక సారు దగ్గర అక్షరాలు నేర్సుకుంట బిడ్డా. ఒక్కదాన్నే కూసుంటె సిగ్గయితది. జర తోడు రారాదు?"

"అందరు నవ్వుతరు."

"నేనింత లావుగున్న గద, నన్ను జూసి నవ్వుతరు. నువ్వు నా ఎనక దాసుకో."

పరదా వెనక నుంచి, "నీ కొడుకు గూడ నవ్వుతడా?" అంది.

"అందరికంటె ముందుగల్ల ఆడే."

వేళ్ళు కదిలాయి. లోపల చిన్న నవ్వు వినబడింది.

పెద్దసారు కాదనలేదు. బడి విడిచాక వరండాలో ఇద్దరం పలకలు పట్టుకొని కూర్చునేవాళ్ళం. మొదటి రోజు చైర్మన్ కొట్టుకు సామాన్లకు పోయేవాళ్ళంతా గేటు దగ్గర ఆగి చూశారు. నా చెవులు వేడెక్కి పలక మీద గీత కనబడలేదు. పిల్ల నిజంగానే నా వీపు వెనక కూర్చుంది. మా వాడు రోజూ వీధికి అవతలి పక్క నుంచి పోయేవాడు. ఒకనాడు మాత్రం గేటు దగ్గర ఆగి, "అది థ కాదమ్మా, ధ," అని అందరికీ వినబడేలా చెప్పి పోయాడు. నాకు చాలు.

పిల్ల నాలా కాదు, తొందరగా ముందుకు పోయింది. నా వీపు వెనక నుంచి పక్కకు వచ్చింది, పక్క నుంచి ముందుకు జరిగింది. నేను ఒత్తుల దగ్గర చిక్కుకుంటే తనే చెప్పేది.

ఎండాకాలం సెలవులు ముగియబోతుండగా స్టవ్వులాయన బిడ్డను తీసుకొని మా ఇంటికొచ్చాడు. పుస్తకం తేలేదు. గాజులు చుట్టి తెచ్చిన పాత పేపరు ముక్క తెచ్చాడు. "పుస్తకమైతె మల్ల ఒప్పజెప్తదేమో. ఇది సదువు," అని బిడ్డ చేతిలో పెట్టాడు.

"వన...పర్తి మా...ర్కెట్టుకు వే...రుశనగ తెచ్చిన..."

"గదేంది అక్కా? మునుపు గడగడ సదువుతుండె. గిప్పుడు ఆగాగి సదువుతున్నది. ఎనుకకు వోయిందా?" అన్నాడు నావైపు తిరిగి. "నాకు తెలుగు సదువ రాదు. నువ్వు నేర్సుకుంటున్నవ్ గద, జూడు. కరెక్టేనా?"

కాగితం తీసుకున్నాను. చిన్న చిన్న అక్షరాలు. ఒకటి రెండు తెలిసినవి కనిపించి మళ్ళీ కలిసిపోయాయి. మెంబరును కూడా కదా, నన్నే అడిగాడు. మగ్గం గుంటలోంచి మా ఆయన కూడా తలెత్తి చూస్తున్నాడు.

"నేనింక ఒత్తుల కాడనే ఉన్న అన్నా. నాకు తెల్వదు," అన్నాను.

పిల్ల కాగితం వెనక్కి తీసుకుంది. వేలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. "వేరుశనగ తెచ్చిన రై...తులు వానకు తడిసి..."

ఆగింది.

"తడిసి? తడిసి ఏమైన్రు?" అన్నాడు తండ్రి.

"లేదు అబ్బా. ఈడ చినిగింది."

ఆయన కాగితం అందుకున్నాడు. బిడ్డ ఆగిన చోట బొటనవేలు పెట్టి, చిరిగిన అంచు వెంబడి పైనుంచి కిందిదాకా జరిపాడు.

"చినిగింది," అన్నాడు తనలో తనే.

దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి అడిగాడు.

"అక్కా, పెద్దబడికి సైకిల్ మీద ఎంతసేపు వడుతది?"