ముగ్గుగీతకు ఇవతలి ఎండ

పక్కింటి మాస్టారి ప్రహరీ మీంచి ఆకుపచ్చ గొట్టం మా పెరట్లోకి దిగిన రోజునే ఇంటికి సోలారు పెట్టించాలని నిశ్చయించుకున్నాను.

కార్తీకంలో వచ్చిన గాలివానకు స్తంభాలు ఒరిగిపోయి రాజోలు చుట్టుపక్కల ఊళ్లన్నీ చీకటయ్యాయి. బోరు మోటారు తిరగలేదు. ట్యాంకు అడుగంటింది. రిటైరైన హెడ్మాస్టారు మా పక్కింటాయన. ఆయనకు జనరేటరు ఉంది. అడగకుండానే తన బోరు నీళ్లు మా తొట్టిలోకి వదిలారు. మంచి మనిషి. అయినా ఆ నీళ్లు నాకు గొంతు దిగలేదు. ఒకప్పుడు ఈ వీధికంతటికీ నీళ్లిచ్చింది మా ఇల్లు. ఆయన తాతగారు మా పొలంలో పనిచేసేవారు. ఆ తాతగారికి నీళ్లు దూరం నుంచి పోసేవారు మా వాళ్లు. మాస్టారు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తరు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బరువు. పొలాలు పోయాయి, మండువాలో సగం పడిపోయింది, మిగిలిన సగంలో నేనూ మా ఆవిడా ఉంటాం. ఉన్న సగంలోనైనా, ఈసారి కరెంటు పోయినప్పుడు మా మోటారు తిరగాలి, మా కుళాయిలో మా నీళ్లు రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

మాస్టారి డాబా మీద అప్పటికే సోలారు పలకలున్నాయి. అందుకే కరెంటు వచ్చాక వెళ్లి అడిగాను.

“మీకు సోలారుంది కదా మాస్టారూ, మరి జనరేటరెందుకు?”

“ఆయ్, అందరూ అదే అడుగుతారండి. లైన్లో కరెంటు పోతే నా పలకలూ పడుకుంటాయండి.”

“ఎండ మండిపోతున్నా?”

“మండిపోతున్నా అంతేనండి. నా పలకల కరెంటు లైన్లోకి పోతుంది గదండీ. అక్కడ స్తంభమెక్కి తీగలు కడుతున్న మనిషి ఏమైపోవాలి? అందుకని లైను పోగానే దానంతటది ఆగిపోయేలా చేసేరు. నాది బిల్లు తగ్గించుకునే సోలారండి బాబుగారూ. మీకు కావలసింది అది కాదు.”

ఆయన వరండాలో కూర్చున్న ఆ గంటలో నాకు కొత్త లోకం తెరుచుకుంది. లైనుతో కలిసి నడిచేది ఒక రకం. లైనుతో సంబంధమే లేకుండా బ్యాటరీల మీద నడిచేది ఇంకో రకం. రెండూ కలిసినది హైబ్రిడ్: మామూలు రోజుల్లో మిగిలిన కరెంటు లైనుకిస్తుంది, లైను పోయిందంటే దాన్నుంచి విడిపోయి, మనం ఎంచిన వాటిని మాత్రం బ్యాటరీ మీద నడుపుతుంది. ఇంత సొగసైన ఏర్పాటు ఉందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. అప్పణ్ణుంచి కనిపించినవాళ్లందరికీ నేనే చెప్పడం మొదలుపెట్టాను. చెప్పి ముగించేసరికి కాఫీ చల్లారిపోయేది.

“ఏవండీ, అప్పనపల్లి గుడికెళ్తున్న ఆటోవాణ్ణి ఆపి మరీ హైబ్రిడ్ గురించి చెప్పేరంట?” అంది మా ఆవిడ.

“అతనే అడిగాడు.”

“అతనడిగింది దారి.”

సోలారు బిగించే ఆయన అమలాపురం నుంచి వచ్చాడు. కండువాతో చెమట తుడుచుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న: “కరెంటు పోయినప్పుడు ఏమేం ఆగకూడదండి?”

“మా ఇంట్లో ఏదీ ఆగకూడదు,” అన్నాను.

“అలాగైతే బ్యాటరీలకి వేరే ఇల్లు కట్టాలండి.”

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చెప్పింది. “మోటారు, ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. ఏసీ ఆయన ముచ్చటండి, అది బ్యాటరీ మీద వద్దు.”

మోటారు పేరు వినగానే అతను బోరు దగ్గరకు వెళ్లి చూశాడు. మోటారు తిరిగేటప్పుడు తినే కరెంటు వేరట, లేచేటప్పుడు తినేది వేరట. ఆ మొదటి ఉదుటున కొన్ని రెట్లు లాగుతుంది. ఇన్వర్టరు ఆ ఒక్క ఉదుటుకు తట్టుకోవాలి, లేకపోతే ఫ్యాన్లూ లైట్లూ వెలుగుతూనే ఉంటాయి, నీళ్లు మాత్రం రావు. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, మోటారును లేపగల ఇన్వర్టరే రాసుకోమన్నాను. సముద్రపు గాలికి తుప్పు పట్టని ఇనుము, గాలివానకు ఊడని బోల్టులు, ఒక్కొక్కటీ నేనే చేత్తో పట్టుకుని చూశాను.

తరువాత ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. నా మనసులో ఆ చోటు మొదటిరోజే స్థిరపడిపోయింది. వీధివైపు పెంకుల మీద, ముందు వసారాకు పైన.

అతను పైకి చూసి తల గోక్కున్నాడు. “అది ఉత్తరం వాలండి. మనకి ఎండ దక్షిణం నుంచొస్తదండి. పైగా పెంకులు, గాలికి పలకలతో సహా లేచిపోతాయండి.”

“వీధిలో వెళ్లేవాళ్లకు కనబడాలి కదా.”

“కనబడ్డానికైతే బోర్డు కట్టించుకోండి బాబుగారూ.”

మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అతన్ని పెరట్లో వంటింటి డాబా మీదకు తీసుకెళ్లాను. డాబా గట్టిది, ఎండా బాగా ఉంది. దానికి దక్షిణాన కొబ్బరిచెట్టు ఒకటి ఉంది. పలకల వరసలో ఒక్కదాని మీద నీడ పడినా వరసంతా నీరసిస్తుందని చెప్పి, అతను తేలిగ్గా అనేశాడు. “ఈ చెట్టు కొట్టించేయండి. అప్పుడు డాబా అంతా పరిచేద్దాం. ఏసీ కూడా పగలంతా ఆడద్ది.”

ఆ చెట్టు మా అక్కది. మా ఇంట్లో ఆడపిల్ల పుడితే పెరట్లో కొబ్బరిమొక్క నాటడం ఆనవాయితీ. పెళ్లయి వెళ్లాక కూడా ఆ చెట్టు కాయలు ఆమెవే. కాయలు దింపు తీసిన ప్రతిసారీ మండపేటలో ఆమె అత్తవారింటికి బస్తా వెళ్తుంది. అసలు మా సీమలో కాపు మీదున్న కొబ్బరిచెట్టుకు గొడ్డలి పెట్టాలంటేనే చెయ్యి రాదు. అందులోనూ ఆడపడుచు చెట్టు. అక్కకు ఫోన్ చేశాను. మర్నాడే దిగింది.

“ఏరా, నా చెట్టు నీ పలకలకి అడ్డమొచ్చిందా?”

“అది కాదక్కా, కరెంటు పోయినప్పుడు నీళ్లు...”

“నాన్నగారుంటే ఈ మాట అనేవాడివా?”

“నాన్నగారి రోజుల్లో ఈ అవసరం లేదు కదా.”

“ఎందుకుంటుంది? నీళ్లు తోడ్డానికి నలుగురుండేవారు. ఇప్పుడు నలుగురి పనీ సూర్యుడు చెయ్యాలి!”

అక్క నవ్వింది కానీ చెట్టు ఇస్తాననలేదు. నేను అడగనూ లేదు.

అవి ధనుర్మాసం రోజులు. వాకిట్లో ముగ్గు పెట్టి వచ్చిన మా ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, ముగ్గుగిన్నె పట్టుకుని తిన్నగా డాబా ఎక్కింది. చెట్టునీడ అంచు వెంబడి ముగ్గుపిండితో గీత గీసింది. కాసేపయ్యాక నీడ జరిగితే మళ్లీ ఇంకో గీత. అక్క పీట వేసుకుని మేస్త్రీలా కూర్చుంది.

“అమ్మాయ్, ఆకు ఊగుతోంది చూడు, ఆ కొసదాకా గియ్యి.”

“గీసేనండి వదినగారూ.”

“అటు కాదు, ఇటు. వాడి పలకలకి అన్యాయం జరక్కూడదు, నా చెట్టుకీ జరక్కూడదు.”

పొద్దువాలేసరికి డాబా మీద విసనకర్రలా గీతలు విచ్చుకున్నాయి. ఏ గీతా తాకని చోటు ఆగ్నేయం మూల నుంచి సగం డాబా దాకా మిగిలింది. మర్నాడు అమలాపురం ఆయన వచ్చి ఆ ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“భలే పని చేసేరమ్మా. ఏడాది మొత్తంలో నీడ పొడుగ్గా పడేది ఈ రోజుల్లోనేనండి. ఇప్పుడు పడని చోట ఇంకెప్పుడూ పడదు.” తరువాత నా వైపు తిరిగాడు. “చెట్టు కొడితే డాబా అంతా. ఉంచితే ఈ సగమే. మోటారుకీ, అమ్మగారు చెప్పిన వాటికీ ఇది చాలండి. ఏసీకి చాలదు. వీధిలోకి కూడా కనబడదు. మీ ఇష్టం.”

ఊళ్లో అందరికంటే పెద్దది పెట్టిస్తున్నానని నేను అప్పటికే రాజోలు సంతదాకా చెప్పి ఉన్నాను. అక్క నా వైపు చూడకుండా చెట్టు వైపు చూస్తోంది.

“ఈ సగంలోనే బిగించండి,” అన్నాను.

“దింపు తీయించినప్పుడల్లా ఎండుమట్టలు కూడా లాగించరా. నీ పలకల మీద పడితే మళ్లీ నన్నే అంటావు,” అంది అక్క.

బిగించిన వారమంతా నాకు పెళ్లి సందడే. పలకలు పైకెక్కుతుంటే కింద నుంచి నేనే అరిచేవాణ్ణి. మీటరు మార్చాక ఇన్వర్టరు తెర మీద అంకె కదలడం మొదలుపెట్టింది. మబ్బు వస్తే దిగేది, పోతే ఎగిరేది. రోజూ దాన్ని చూసి గాని స్నానానికి వెళ్లేవాణ్ణి కాదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి పెద్ద గాలి లేచింది. వీధిలో టీవీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా ఫ్యాను ఆగలేదు. నేను మోటారు స్విచ్చి దగ్గరకు పరుగెత్తాను.

“ఆగండి, ముందు ఫ్రిజ్ కట్టేయనివ్వండి!” అని అరిచింది మా ఆవిడ.

కట్టేసింది. నేను మోటారు వేశాను. లైట్లు ఒక్క క్షణం మసకబారాయి. మోటారు మూలిగింది, లేచింది. పైన ఖాళీ ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది.

ప్రహరీ అవతల నుంచి మాస్టారి గొంతు వినిపించింది. “బాబుగారూ, జనరేటరు వేస్తున్నానండి. నీళ్లున్నాయా?”

“ఉన్నాయండీ మాస్టారూ! మా మోటారు తిరుగుతోందండీ!” అవసరమైనదానికంటే గట్టిగానే అన్నాను.

“ఆయ్! లేచేటప్పుడు ఇన్వర్టరు అరవలేదా?”

“అరవలేదండి. మీరు డీజిలు తగలేయకండి, ఇలా రండి!”

ఆయన గొడుగు వేసుకుని వచ్చేశారు. మొహాలు తెరకు ఆనించినంత దగ్గరగా ఇద్దరం ఇన్వర్టరు ముందు నిలబడి, మోటారు ఎంత లాగుతోందో, బ్యాటరీ ఎంత దిగిందో ఒకరి మాట మీద ఒకరం చెప్పుకుంటున్నాం. ట్యాంకు నిండి పొర్లుతోందని మా ఆవిడ కేకేసేదాకా మోటారు కట్టేయాలని మా ఇద్దరికీ తోచలేదు.