దయామణి చేతి గంట

నూజివీడు శివారు పేటలో, మామిడి తోటలు మొదలయ్యే చోట, దొరల కాలం నాటి చర్చి ఒకటుంది. చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ, కాయల లారీల మధ్య ఆటోలో ఇరుక్కుంటూ ఒక మే నెల ఉదయం వెళ్లాను. తలుపు తీసినావిడ దయామణి. అరవై దాటి ఉంటాయి. చర్చి ఊడుస్తుంది, బల్లలు తుడుస్తుంది, గంట కొడుతుంది. ఇంతకుముందు గంట ఆమె భర్త శామ్యూలు పని. ఆయన పోయిన రోజు ఆయన చావు గంట కూడా ఈమే కొట్టింది.

లోపల చల్లగా ఉంది. గోడలకు పాలరాతి పలకలు, వాటి మీద ఇక్కడి జ్వరాలకు పోయిన దొరల పిల్లల పేర్లు.

"పాపం, వీళ్లకెవరు కొట్టారో గంట," అంది దయామణి, పలక మీది దుమ్మును కొంగుతో తుడుస్తూ.

గంట గదికి వేరే తాళం. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటుంది. పై నుంచి వేలాడే తాడు, చేతులు పట్టే చోట నల్లగా నున్నబడిపోయింది. దాని పక్కన మూలగా ఒక బట్టల సంచి, జిప్పు వేసి సిద్ధంగా ఉంది.

"ఊరెళ్తున్నారా?" అన్నాను.

"పోయిన వారం నుంచీ వెళ్తానే ఉన్నానండి."

చింతలపూడిలో ఆమె చెల్లెలు సరోజ కిడ్నీలు పాడై మంచాన పడింది. రోజూ ఫోన్ చేసి రమ్మంటోంది. ఇక్కడ చూస్తే ఏసుపాదం తాత ఇవాళో రేపో అన్నట్టున్నాడు. పేటలో ఎవరు పోయినా దయామణి చావు గంట కొట్టాలి. ఒక దెబ్బ కొట్టి, దాని మోత చివరిదాకా సన్నగిల్లాకే ఇంకో దెబ్బ. ఆ నడుమ తాడు పట్టుకుని కదలకుండా నిలబడడం ఇంకెవరికీ చేతకాదని పేటవాళ్ల నమ్మకం.

"ఇంకెవరికీ నేర్పలేదా?"

"నేర్పానండి. ఒకడు బడి గంటలాగా వాయించాడు. ఇంకోడు ఓ చేత్తో సెల్లు చూసుకుంటా కొట్టాడు. పాస్టరయ్యగారు విసుగుపుట్టి మైకులో యూట్యూబ్ గంట పెట్టించారు. సరిగ్గా శవప్పెట్టె గుమ్మం దాటుతుంటే మధ్యలో మోకాళ్ల నొప్పుల నూనె అడ్వటైజ్‌మెంటు వచ్చింది. చచ్చినాయనకి మోకాళ్ల నొప్పులేంటండీ!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అంది: "అప్పట్నుంచి అందరికీ నా చేతి గంటే కావాలి. ప్రేమేనండి. గేదెను కట్టే తాడు కూడా మెత్తగానే ఉంటది."

పుట్టింట్లో దయామణి వాళ్లమ్మ పోయిన రోజున ఇక్కడ ఒక పసిబిడ్డ పోయింది. గంట కొట్టి, బస్సెక్కి వెళ్లేసరికి అక్కడ అమ్మను మట్టి చేసేశారు.

"సరోజనైనా మాట్లాడుతుండగా చూడాలండి," అంది. తాడును ఒకసారి తడిమి, "ఒక పాపపు మాట చెప్పనా? పొద్దున్నే లేచి, ఏసుపాదం బాబాయి ఉన్నాడా అని అడుగుతున్నా. ఉన్నాడంటే విసుగొస్తంది నాకు. చర్చిలో నిలబడి అంటున్నా ఈ మాట."

అంతలో ఏసుపాదం కొడుకు ఆనంద్ బాబు గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, నాన్న నిన్ను పిలుస్తున్నాడు." ఆమె ముఖం పాలిపోయింది. వెనకే నేనూ వెళ్లాను.

నులక మంచం మీద ముసలాయన, గడ్డానికి మామిడి రసం అంటుకుని ఉంది. బతుకంతా తోటల్లో కాపలా కాసిన మనిషి.

"రామ్మా దయా. నా కోసం సంచి సర్దుకుని కూర్చున్నావంట?"

"ఎవరన్నారు నాన్నా?" ఆనంద్ బాబు కంగారు పడ్డాడు.

"తోట కాసినోణ్ణిరా. కాయ రాలినా వినపడుద్ది నాకు." ఆమె వైపు తిరిగాడు. "వెళ్లిరా అమ్మాయ్. నువ్వొచ్చేదాకా ఆగుతాలే."

"ఆగడం నీ చేతిలో ఉందా? అక్కా, ఇంకో నాలుగు రోజులు చూడు. ఈలోపు ఏదన్నా అయితే నాన్నని మైకు గంటతో పంపమంటావా?"

"వద్దురా బాబూ. నాకసలే మోకాళ్ల నొప్పులు," అన్నాడు ముసలాయన. ఆనంద్ బాబుకు కూడా నవ్వాగలేదు. తాత చెయ్యి చాచాడు. "ఆ గంట గది తాళంచెవి ఇటివ్వు."

"నీకెందుకు బాబాయ్?"

"నా తలగడ కింద ఉంటది. ఇక తాళం తీసేవాళ్లుండరు, గంట కొట్టేవాళ్లుండరు. గంట లేకుండా నేను పోను. ఇంకెట్టా పోతా చెప్పు?"

దయామణి బొడ్లో చెయ్యి పెట్టింది కానీ తాళంచెవి వెంటనే బయటికి రాలేదు. తీసి, ఒకసారి కొంగుతో తుడిచి, తలగడ కింద పెట్టింది.

"సరోజకి రసాలు పట్టుకెళ్లు," అన్నాడు.

"దానికి మామిడిపండు పెట్టొద్దన్నారు బాబాయ్."

"అయితే వాసన చూపించు."

మాది ముసునూరు. ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఆమె ఒళ్లో సంచి, సంచి మీద మామిడిపళ్లు, చేతిలో సెల్లు. దారి పొడవునా ఆమె రెండో చెయ్యి బొడ్డు దగ్గరికి పోతూ, అక్కడేమీ లేక తిరిగొస్తూ ఉంది. ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడుతోంది.

ముసునూరులో దిగి వెనక్కి చూస్తే, దయామణి సంచితో సహా ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉంది.

"ఏమ్మా, చింతలపూడి టిక్కెట్టు కదా నీది?" కండక్టర్ అరిచాడు.

ఆమె అతన్ని పట్టించుకోలేదు. "రోడ్డు దాటితే నూజివీడు బస్సు దొరుకుద్ది కదండీ?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆమె సెల్లు మోగింది. స్క్రీన్ చూడలేక, కళ్లు మూసుకుని నొక్కింది.

"బయల్దేరావా అక్కా?" సరోజ నీరసపు గొంతు నాకూ వినబడింది.

దయామణి కళ్లు తెరిచి, ఎదురుగా కొట్టు బోర్డు మీదున్న ముసునూరు అన్న పేరు చూసింది.

"ముసునూరు దాటానే," అంది.

అనేశాక మరి దిగడానికి లేదు. వెనక్కి వెళ్లి తన సీట్లో కూర్చుని, పళ్లు ఒళ్లో పెట్టుకుంది. కండక్టర్ రైట్ రైట్ అన్నాడు.