పంటికని వెళితే వేలు చూశారు

నాకు షుగరు ఉందన్న మాట మొట్టమొదట చెప్పింది మా చిత్తూరులోని పళ్ళ డాక్టరమ్మ.

కింది పన్ను ఒకటి కదులుతూ ఉండేది. తోముకుంటే చిగుళ్ళలో నెత్తురు. స్వామికి ఒక్కపొద్దులుండే తిరుమల శనివారాల్లో ఒకనాడు మా ఆయనకు తీరిక దొరికి, స్కూటరు మీద తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నోట్లో అద్దం పెట్టి చూసి, "పన్ను సంగతి తర్వాత. చిగుళ్ళు ఇట్లా వాచినోళ్ళకు నేను షుగరు చూస్తా మా. వేలు ఇయ్యండి," అంది.

"పంటికని వస్తే వేలు అడుగుతాండారే," అన్నారు మా ఆయన.

"పొద్దన్నుంచి ఏమన్నా తిన్నారా మా?"

"ఈ పొద్దు ఒక్కపొద్దు తల్లీ. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలే," అన్నాను.

వేలికి సూది గుచ్చి, చుక్క నెత్తురు చిన్న మిషనుకు తాకించింది. అంకె చూడగానే ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఏమీ తినకుండానే ఇంత ఉంటే ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలంది. మా అమ్మ కాలి పుండు మానక మంచం పట్టి పోయింది. అది షుగరని చివరి రోజుల్లో గానీ తెలియలేదు. నా గతీ అంతేనేమోనని స్వామిని తలచుకుంటూ కూర్చున్నాను.

డాక్టరమ్మ చీటీ రాస్తూ రాస్తూ ఆగింది. "శనివారం కదా, ఇంట్లో పిండి దీపం పెట్టినారా?"

"పెట్టకుండా ఉంటానా?"

"దీపం కొండెక్కినాక ఆ పిండి ఏం చేసినారు?"

"ప్రసాదం కదమ్మా. కండ్లకద్దుకొని నోట్లో వేసుకున్నా."

బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. నేను ఎంత తిన్నానని ఆమె మా ఆయన్ని అడిగింది. ఆయన పిడికిలి బిగించి చూపించి, "ఇట్లాటివి రెండు," అన్నారు.

"అది తినడం కాదా మా?"

నిజంగానే నాకు ఆ ఆలోచన రాలేదు. తినడం వేరు, ప్రసాదం వేరు. ఒక్కపొద్దు నాడు మా ఇళ్ళలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆమె నవ్వేసింది. "మా అమ్మ కూడా ఇంతే. స్వామి ఏమీ అనుకోడు గానీ మిషను ఒప్పుకోదు."

అయినా ఆమె అంతటితో వదల్లేదు. బెల్లం తిన్నా అంత ఉండకూడదని, మూడు నెలల షుగరు చెప్పే పరీక్షకు పంపింది. ఆ పొద్దు ఏం తిన్నామన్నదానితో దానికి పని లేదట. రెండు రోజులకు కాగితం వచ్చింది. మా నాయన ఇంట్లోనే నేర్పిన చదువుతో నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. షుగరు ఉంది, కానీ ఇంకా మొదట్లోనే ఉంది.

తర్వాత మాత్రలు, నడక, చిగుళ్ళ శుభ్రం. కొన్ని నెలలకు షుగరు దిగింది, చిగుళ్ళు గట్టిపడ్డాయి, పన్ను పీకించుకునే పని తప్పింది. ప్రసాదం ఇప్పుడు నాకు చిటికెడే. మిగిలినదంతా మా ఆయన మహా భక్తితో చూసుకుంటున్నారు.

ఆ డాక్టరమ్మ ఈ మధ్య సత్యవేడు వైపు మారిపోయింది. చీటీ చేతిలో పెట్టి పంపేయకుండా ఇంకొక్క మాట అడిగిన మనిషి. మా అమ్మకు అట్లా అడిగేవాళ్ళు దొరకలేదు. మీరు ఏ దేవుడికి మొక్కుకున్నా సరే, ఆమె చల్లగా ఉండాలని ఒక్కసారి తలచుకోండి.