పెద్దక్షరం నుంచి చుక్క దాకా

మా బడిలో పదో తరగతికి నేను ఇంగ్లీషు చెబుతాను. చెబుతాననే కంటే పిల్లల్ని గట్టెక్కిస్తాననడం సబబు. కడప టౌనులో ఒక మూలనున్న సర్కారు హైస్కూలు మాది. నా సబ్జెక్టులో ఏటా ఒకరో ఇద్దరో తప్పుతారు, అంతే. ఆ గొప్ప ఎలా వచ్చిందో నాకు తెలుసు, పిల్లలకు తెలుసు, పేపర్లు దిద్దేవాళ్లకూ తెలుసు. ఎవరమూ బయటికి చెప్పుకోం.

కిటుకు ఇది. పరీక్షలో అంతకు ముందెప్పుడూ చూడని ప్యాసేజీ ఒకటి ఇచ్చి, దాని కింద ప్రశ్నలు అడుగుతారు. ప్యాసేజీ చదవొద్దు. ముందు ప్రశ్న చూడు. అందులో పెద్ద మాట ఏదో పట్టుకో. అదే మాట ప్యాసేజీలో ఎక్కడుందో వేలు పెట్టి వెతుకు. దొరికిందా, ఆ వాక్యాన్ని పెద్దక్షరం నుంచి చుక్క దాకా ఎత్తి తెచ్చి జవాబు పేపర్లో దించు. అర్థం కావాల్సిన పనే లేదు. అయిదు ప్రశ్నల్లో మూడు తప్పకుండా తగులుతాయి.

నేనూ ఇలా పాసైనదాన్నే. ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. మా సారు బోర్డు మీద చుక్క పెట్టి దాన్ని బెత్తంతో కొట్టి చూపించేవాడు. "ఈడికి నిలపల్ల. దాటితే సున్నా" అనేవాడు. ప్యాసేజీలో మనిషి బతికాడో చచ్చాడో తెలియకుండానే నాకు ఇంగ్లీషులో అరవై దాటాయి. మా నాయన పొంగిపోయి ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత ఇంగ్లీషు నిజంగానే నేర్చుకున్నాననుకోండి. కానీ ఆ కిటుకు మీద భక్తి మాత్రం తగ్గలేదు.

బడి ఆవరణలోనే, వంటగదిని ఆనుకున్న గదిలో అంగన్‌వాడీ నడుస్తుంది. అక్కడి ఆయా బద్వేలు పక్క పల్లెలో పుట్టి, పెళ్లయి కడపకు వచ్చిన ముస్లిం ఆమె. నలభై దాటి ఉంటాయి. పదహారేళ్లుగా గది ఊడ్చేదీ, గుడ్లు ఉడకబెట్టేదీ, వీధులన్నీ తిరిగి పిల్లల్ని చంకనేసుకొచ్చేదీ ఆమే. టీచరమ్మ రికార్డులు రాసుకుంటుంటే పిల్లలకు పాటలు నేర్పేదీ ఆమే. ఆఫీసర్లు తనిఖీకి వచ్చిన రోజున మాత్రం ఆమె వాకిలి అవతల నిలబడుతుంది.

దసరా సెలవులు అయిపోయాక ఒక రోజు మధ్యాహ్నం ఆమె పాత ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేడం, మా టీచరమ్మ ఈ ఎండాకాలం రిటైరయితాంది. టెన్త్ పాసయింటే ఆ పోస్టు నాకే ఇస్తారంట. ఓపెన్ టెన్త్ కట్టినా. అన్నీ అయిపోయినాయి, ఇంగ్లీషు ఒకటే నిలబడిపోయింది. రెండుసార్లు తప్పితి."

"ఈసారి తప్పితే?"

"ఇంకొకర్ని యేసుకుంటారు మేడం. మళ్లా ఖాళీ ఎప్పుడొస్తాదో యేమో. పదారేండ్లు నిలబడే ఉండా. ఒకసారన్నా కుర్చీలో కూచోని పిల్లోళ్లకు చెప్పాలనుండాది."

"ఇంతేనా! నా చేతిలో పెట్టావు కదా, ఇక మర్చిపో" అన్నాను. అప్పట్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఇప్పుడూ పెద్దగా మారలేదులెండి.

మధ్యాహ్నం పిల్లలు తిని పడుకున్నాక, వరండా మెట్ల మీద ఆమె చేటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. నేను పక్కన కూర్చుని ప్యాసేజీ ఇచ్చేదాన్ని. కిటుకు మొదటి రోజే చెప్పేశాను. శ్రద్ధగా విని తల ఊపింది. ఊపి, ప్యాసేజీని మొదటి అక్షరం నుంచి పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది.

"చదవొద్దన్నానా?"

"చదవకుంటే యేం రాయాల మేడం?"

ఆ రోజు ఇచ్చింది నేను ఎనిమిదేళ్లుగా క్లాసులో చేయిస్తున్న ప్యాసేజీ. ఒక ఊళ్లో వేరుశనగ పంట చేతికి వచ్చింది, చెట్లు పెరికి చేలో కుప్పలు వేశారు, ఆ రాత్రి పెద్ద వాన కురిసింది, రైతులు ఆనందంతో గంతులు వేశారు. వాన పడ్డప్పుడు రైతులకు ఎలా అనిపించింది అన్నది ప్రశ్న. మా ఏడో తరగతి పిల్లవాడు కూడా గంతుల వాక్యం ఎత్తి దించుతాడు. ఆమె మాత్రం రెండే ఇంగ్లీషు మాటలు రాసింది. రైతులు ఏడ్చారని.

"ఇది ఎక్కడుంది ప్యాసేజీలో? చూపించు!"

"లేదు మేడం. ఆ రాసినాయప్పకు తెలీదు. చెనిక్కాయ చెట్టు పెరికి కుప్పేసినాంక వాన పడితే కాయ నల్లబడతాది, మొలకొస్తాది. గడ్డి గూడా పనికిరాదు. మా నాయన రెండుసార్లు అట్ల మునిగిపోయినాడు. గంతులెట్ల యేస్తారు మేడం?"

నేనూ సీమలో పుట్టినదాన్నే, మాకూ అయిదెకరాలు ఉండేది. ఎనిమిదేళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. తట్టడానికి నేను ఆ ప్యాసేజీ చదివితే కదా! కానీ అప్పుడు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. "నీ అభిప్రాయం ఎవరడిగారమ్మా? వాళ్లు గంతులు వేశారంటే వేశారు!" అని కసిరాను.

నాలుగైదు నెలలు ఇదే వరస. ప్రతి ప్యాసేజీతోనూ ఆమెకు పేచీయే. జ్వరమొచ్చిన బిడ్డకు తల్లి ఏం పెట్టింది అంటే, ప్యాసేజీలో ఉన్న బ్రెడ్డు రాసి, పక్కన గంజి కూడా రాసింది. "వట్టి బ్రెడ్డు బిడ్డకు దిగదు మేడం" అంది. ముసలామె కొడుకు కోసం స్టేషన్‌లో ఎన్ని గంటలు చూసింది అంటే, నాలుగు గంటలని సరిగ్గానే రాసి, పాపం ఎవరూ నీళ్లయినా ఇవ్వలేదు అని కలిపింది. ఆ ఇంగ్లీషులో తప్పులున్నాయి, కానీ చెప్పదలచుకున్నది అర్థమయ్యేది. మార్కులు మాత్రం పడవు. పక్క గదిలోని లెక్కల సారు మమ్మల్ని చూసి, "ఏం మేడం, మీ కొత్త స్టూడెంటు మీకే పాఠం చెప్తాండాదే!" అని నవ్విపోయేవాడు. అది నాకు కారం పూసినట్టుండేది.

పరీక్ష రెండు వారాల్లో ఉందనగా నా ఓపిక అయిపోయింది. ఆ రోజు అయిదు జవాబుల్లో నాలుగింటికి ఆమె తన సొంత మాటలు చేర్చింది. పేపరు లాక్కుని గట్టిగానే అరిచాను.

"నీకు పోస్టు కావాలా, ప్యాసేజీలతో పంచాయితీ కావాలా? ఇప్పుడే తేల్చుకో. ఇకమీదట అందులో లేని మాట ఒక్కటి రాసినా నా మీద ఒట్టే!"

కోపంలో నాకు ఒట్లు ఊతపదాలు. మా ఇంట్లో పాలు పొంగినా ఒట్టే, చీపురు కనపడకపోయినా ఒట్టే. ఆమె అది ఎరగదు. చేట పక్కన పెట్టింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"అంత మాట యాలంటిరి మేడం" అని మెల్లగా అని, "సరే. రాయను" అంది.

మర్నాటి నుంచి రాయలేదు. వేలు పెట్టి వెతికింది, వాక్యం ఎత్తింది, దించింది. అన్నీ కరెక్టే. రైతుల గురించీ బిడ్డల గురించీ ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఎర్ర పెన్నుతో టిక్కులు కొట్టుకుంటూ మురిసిపోయాను. అప్పుడైనా నాకు ఏదో తేడాగా అనిపించి ఉండాల్సింది. అనిపించలేదు.

పరీక్షలు రంజాన్ నెలలో వచ్చాయి. తెల్లవారక ముందే నాలుగు మెతుకులు తిని, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఆ ఎండలో పోయి రాసొచ్చింది. ఆ సాయంత్రం నేనే ఫోన్ చేసి ఎలా రాశావని అడిగాను.

"బాగనే రాసినా మేడం. ఒకటి ఇడిసిపెట్టినా."

"ఒకటేగా, పోనీలే" అన్నాను. ఏది వదిలేశావని అడగలేదు.

ఫలితాలు వచ్చిన రోజు నేను పనిమీద బడికి పోయాను. అంగన్‌వాడీకి ఎండాకాలం సెలవులు ఉండవు. ఆమె వరండాలో నిలబడి నాకోసమే చూస్తోంది. ఫోన్‌లో చూపించింది. ముప్పై మూడు. ముప్పై అయిదు వస్తే పాసు.

"రెండు మార్కులు!" అని అరిచాను. "ఏది వదిలేశావు? పేపరేదీ?"

ప్రశ్నపత్రాన్ని మడిచి జాగ్రత్తగా దాచుకుంది. తెచ్చి ఇచ్చింది. నిలబడే చదివాను. ఒకామె ఉద్యోగం ఇంటర్వ్యూకు పోతూ ఉంటుంది. దారిలో బస్టాపు దగ్గర ఒక ముసలాయన ఎండకు సొమ్మసిల్లి పడిపోతాడు. ఆమె ఆగి, ఆయనకు తోడుగా కూర్చుంటుంది. ఇంటర్వ్యూ పోతుంది. చివరి ప్రశ్నకు అయిదు మార్కులు. ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? మీ సొంత మాటల్లో రాయండి.

మెట్టు మీద కూర్చున్నాను.

"ఇది రాలేదా నీకు?"

"వచ్చు మేడం."

"మరి?"

"మీరు ఒట్టు పెట్టిస్తిరి కదా. దీని జవాబు ప్యాసేజీలో యాడా లేదు. నాలుగుసార్లు వెతికినా. అంతా నా మాటే రాయాల. అట్ల రాస్తే ఒట్టు తప్పినట్టే కదా మేడం. రోజా ఒక్కపొద్దులో ఉండి ఒట్టు తప్పొచ్చా? మీకేమన్నా అయితే? చిన్న బిడ్డలుండారు మీకు."

నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఏం రాయాలనుకున్నావని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో. ఆమె తడుముకోకుండా, తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. మధ్యలో ఆగిన చోట తెలుగులో అందుకుంది.

"ఆ ముసలాయప్పను ఆటోలో ఎక్కించుకోని ఆ ఆఫీసుకే తీస్కపోతా మేడం. ఆడ ఫ్యాను ఉంటాది, నీళ్లుంటాయి, పదిమంది మనుషులుంటారు. ఆయప్పా బతుకుతాడు, నా పనీ అయితాది. రోడ్డుమీద కూచుంటే ఇద్దరికీ నష్టమే గదా?"

ఎన్నో ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. అలాంటి ప్రశ్నకు పిల్లలు మానవ సేవ గురించి గైడులోని నాలుగు ముక్కలు రాస్తారు. ఇలాంటి జవాబు నేను ఎప్పుడూ చూడలేదు. ఎంత పిసినారి చేత్తో దిద్దినా మూడు మార్కులు ఇవ్వాల్సిందే. నేనైతే అయిదూ ఇచ్చేదాన్ని.

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు తల్లీ. అసలు అది ఒట్టే కాదు, నా నోటి తీట" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమే నన్ను ఊరుకోబెట్టి నీళ్లు తెచ్చిచ్చింది.

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చేలోగా ఆ పోస్టుకు గడువు అయిపోయింది. పక్క కాలనీ అమ్మాయిని వేశారు. డిగ్రీ చదివింది, మంచి పిల్లే, కానీ వచ్చిన కొత్తలో చంటి పిల్లలు ఏడుస్తుంటే ఆమెకూ ఏడుపొచ్చేది. ఏ పిల్ల ఎందుకు ఏడుస్తుందో, ఎవరికి ఏ పాట పాడితే ఊరుకుంటారో దగ్గరుండి చెప్పింది మా ఆయానే. చెప్పి, చీపురు తీసుకుని గది ఊడ్చేది.

బడి తెరిచాక, ఆమె సప్లిమెంటరీకి కట్టిందని తెలిసి, రేపటి నుంచి మధ్యాహ్నం కూర్చుందామని అడిగాను. ఈసారి బాగా చెబుతాను, అన్నీ చదివిస్తాను అన్నాను. ఆమె చాలాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ కదిపింది.

"ఈసారి నేనే సదువుకుంటా మేడం" అంది. "మీరేమీ అనుకోవద్దండి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నేను "అట్లాగే" అని లేచి వచ్చేశాను. తర్వాత మధ్యాహ్నాలు స్టాఫ్ రూమ్ కిటికీలోంచి చూస్తే, చేట పక్కన పేపరు పెట్టుకుని పెదవులు కదుపుతూ ఒక్కతే కనిపించేది. అప్పుడప్పుడూ చదవడం ఆపి తల అడ్డంగా ఊపేది. ఏ ప్యాసేజీతో పేచీ పెట్టుకుందో పోయి అడగాలని ఎంతో అనిపించేది. పోలేదు.

యాభై రెండు మార్కులతో పాసైంది. ఆ రోజు పాలకోవా డబ్బా పట్టుకుని బడంతా తిరిగింది. స్టాఫ్ రూమ్ ముందు హెడ్మాస్టరు, లెక్కల సారు, బిడ్డల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు, అందరూ ఉన్నారు.

"ఏమమ్మా, ముసలితనంలో ఇంగ్లీషు యాడ నేర్చినావు!" అన్నాడు లెక్కల సారు.

"ఇంగేడ సార్, మా మేడం దగ్గరే! నాలుగైదు నెల్లు నాతో తలకాయ నొప్పి పెట్టుకునింది. మేడం చెప్పకుంటే ఈ జన్మకు నేను పాసయ్యేదాన్నా?"

తల్లులు నా వైపు చూశారు. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. నేను కాదని, పోయినసారి ఆమె ఫెయిలయింది నా వల్లేనని అక్కడే, అందరి ముందూ చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నవ్వుతూ నా నోట్లో కోవా ముక్క పెట్టింది. తిన్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.