ముద్దకొక మాట

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోశాను. ఇవాళ మధ్యాహ్నం దించాను. దించి మూడు గంటలు కూడా కాలేదు. అక్షరాలు గీత మీద నిలవడం లేదు. అయినా ఇప్పుడే రాయాలి. ఆగితే రేపటికల్లా నాకు నేనే సర్దిచెప్పుకుని, జరిగినదాన్ని కాస్త నునుపు చేసేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే గరుకుగా ఉన్నప్పుడే మీ ముందు పెడుతున్నాను.

మాది తిరుపతి. అలిపిరి వైపు పోయే దారిలో చిన్న ఇల్లు. నేను ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని. తప్పు చెప్పే ముందు మా ఇంటి పద్ధతి చెప్పాలి. తప్పు పుట్టింది అందులోనే.

సాయంత్రం ఏడున్నరకు నలుగురం కింద గుండ్రంగా కూర్చునేవాళ్లం. నేను, మా ఇంటామె, కూతురు హేమ, దాని తమ్ముడు. మధ్యలో వెడల్పాటి స్టీలు తట్ట. అందులో అన్నం, పప్పు, నెయ్యి వేసి నేనే కలిపేవాణ్ని. ఒక్కొక్కరి అరచేతిలో ముద్ద పెట్టేవాణ్ని. ముద్ద చేతిలో పడ్డాక, తినే ముందు, ఆ రోజు జరిగింది ఒకటి చెప్పాలి. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే, నిజమై ఉండాలి. ముద్దకొక మాట. ముద్ద మీద చెప్పిన మాటకు తిట్టు లేదు, దెబ్బ లేదు, అది తట్ట దాటి బయటికి పోదు. ఈ నియమం పెట్టింది నేనే.

ఎందుకు పెట్టాను? మా నాయన అన్నం తింటుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గేవాళ్లు కూడా కాదు. ఆయన లేచాకే మేం కూర్చునేవాళ్లం. ఆయన పోయేనాటికి నా గురించి ఆయనకు నాలుగు ముక్కలు తెలుసునో లేదో. నా పిల్లలు అలా కాకూడదనుకున్నాను. అన్నం దగ్గర నోరు విప్పడం అలవాటైతే, రేపు ఎంత కష్టం వచ్చినా నా దగ్గరికే వస్తారని ఆశపడ్డాను. అది మంచి ఆశే. ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను. మరి ఆ ఆశ ఏ రోజున చెడింది?

మొదట్లో ఎంత బాగా పనిచేసిందో! బడి గంట తానే కొట్టేసి పారిపోయిన సంగతి మావాడు ముద్ద మీదే చెప్పాడు. లెక్కల్లో సున్నా వచ్చిన సంగతి హేమ ముద్ద మీదే చెప్పింది. మా బావమరిది ఒకసారి చూసి, "ఏం మందు కలుపుతాండావు బావా ఆ ముద్దలో? మావోడు నోరు తెరిస్తే ఆవులింత తప్ప ఇంగేమీ రాదు" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆఫీసులో కూడా చెప్పుకుని తిరిగాను.

ఒక సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. కలిపేవాడి ముద్ద చివరిది. నా వంతు వచ్చేసరికి పిల్లలు చేతులు కడుక్కోవడానికి లేచేవాళ్లు. "నాదేముంది, ఆఫీసు, ఫైళ్లు" అనేసి తినేసేవాణ్ని. అందరి మాటలూ తీసుకున్నాను. నాది ఒక్కటీ పెట్టలేదు.

హేమ ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు, ముద్ద చేతిలో పడీ పడకముందే గడగడా చెప్పేసింది. "నాయనా, ఈరోజు ఎస్తేరు డబ్బాలో ఎండుచేపల పులుసు తిన్నా. అబ్బా, ఎంత బాగుండాదో! రోజూ నా డబ్బా అది తింటాది, దాని డబ్బా నేను తింటా. శానా దినాల నుంచి అంతే."

మాది నామం పెట్టుకునే ఇల్లు. నీచు మా గడప దాటి రాదు. ఎస్తేరు హేమ క్లాసులోనే చదివే అమ్మాయి. వాళ్లమ్మ మార్తమ్మ ఇళ్లు కట్టేచోట కూలిపని చేసేది. ఆదివారాలు చర్చికి పోయేవాళ్లు. మా ఇంటామె ఒక్క క్షణం ఆగి, "పోనీలే, పిల్లలు" అని నెయ్యి గిన్నె ముందుకు జరిపింది. నేను నవ్వాను. "సరే, తిను తల్లీ" అన్నాను. నియమం తప్పలేదు, చూశారా? తిట్టలేదు, కొట్టలేదు.

మరుసటి రోజు ఆఫీసులో గంట పర్మిషన్ తీసుకుని బడికి పోయాను.

హెడ్‌మిస్ట్రెస్‌తో ఏం చెప్పానో ఒక్క మాట కూడా మరిచిపోలేదు. ఆ అమ్మాయి తెచ్చే తిండి తిని మా పాపకు వాంతులయ్యాయి, రెండు రోజులు ఒళ్లు కాలిపోయింది, ఇద్దరినీ వేరు చేయండి, నేను వచ్చినట్టు పిల్లలకు తెలియనివ్వకండి. అంతా అబద్ధం. హేమ ఆ ఏడాది తుమ్మలేదు కూడా. ఆమె నమ్మింది. నామం పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని అడిగే తండ్రిని ఎవరు నమ్మరు? ఆ వారంలోనే ఎస్తేరును వేరే సెక్షన్‌కు మార్చారు.

ఎందుకు చేశాను? ఆచారం కోసమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆచారమే అయితే కూతుర్ని కూర్చోబెట్టుకుని, అమ్మా, మన ఇంట్లో ఇది తినరు, అని చెప్పి ఉండవచ్చు కదా? ఆఫీసులో ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందన్న భయమా? అదీ ఉంది. కానీ దాని కిందే ఇంకొకటి ఉంది, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. ఆ పులుసు గురించి చెబుతున్నప్పుడు దాని ముఖంలో కనిపించిన వెలుగు మా తట్ట చుట్టూ ఏనాడూ కనిపించలేదు. నేను ఏళ్ల తరబడి నెయ్యి పోసి కలిపితే రానిది, ఒక కూలిపని చేసే ఆవిడ డబ్బాలో కట్టి పంపింది. నేను అసూయపడ్డాను. ఒక పులుసు మీద! పన్నెండు పదమూడేళ్ల ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం పూట తమకు తాముగా కట్టుకున్న భోజనాన్ని, నా భోజనాన్ని కాపాడుకోవడానికి కూల్చేశాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం. ముద్ద పెట్టాను. హేమ తినలేదు.

"ఎస్తేరు నాతో మాట్లాడేదే లేదు నాయనా."

"ఎందుకంట?"

"తెలీదు. డబ్బా చాపితే మొగం తిప్పుకొని పోయింది. నేనేం తప్పు చేసినాను నాయనా?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ. కొంతమంది అంతే. తిను."

"కొంతమంది అంటే?"

దాని అరచేతిలోని ముద్దను నా వేళ్లతో కాస్త నొక్కాను, తిను అన్నట్టు. అది తినింది. కన్నీళ్లు ముద్ద మీద పడుతున్నా తినింది. నా కూతురు తప్పు ఎవరిదని నన్నే అడిగింది. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరుకుతుందా? తట్ట ముందు, నేనే పెట్టిన నియమం కింద?

ఆ తర్వాత హేమ ముద్ద మీద చిన్నచిన్నవే చెప్పేది. పెన్ను పోయింది. వాన పడింది. ఇంటర్‌లోకి వచ్చాక, "ఈరోజు ఏమీ లేదు నాయనా" అనేది. నేను ముద్ద పెడుతూనే ఉన్నాను.

మావాడు ఉద్యోగానికని వేరే ఊరు పోయాడు. హేమకు పెళ్లయింది. శ్రీకాళహస్తిలో ఉంటుంది. నాలుగేళ్ల పాప, చిట్టి. మొన్న బుధవారం పొద్దున ఫోన్ మోగింది. ఎత్తగానే అరుపు.

"నాయనా! ఎవరు కనపడినారో చెప్పు సూద్దాం! ఎస్తేరు నాయనా, ఎస్తేరు! చిట్టికి సూది వేసే నర్సమ్మ అదే! సూది చేత్తో పట్టుకొనే నన్ను కావలించుకునింది, చిట్టి భయపడి ఒకటే ఏడుపు! ఆదివారం తోడుకొని వస్తాండా. మన ఇంటి పద్ధతే నేను ఈడ కూడా పెట్టినానని దానికి చెప్పినా. ముద్దలు మాత్రం నువ్వే పెట్టల్ల!"

ఎన్నేళ్లయింది ఆ గొంతు విని! ఎండుచేపల పులుసు గురించి చెప్పిన గొంతు అది. నా గుండె ఎగిరింది, నిజంగా సంతోషంతోనే ఎగిరింది, మరు క్షణంలో నేను చేసింది గుర్తొచ్చింది. అప్పుడెందుకు మాట్లాడలేదని అడిగావా అమ్మా, అని మెల్లగా అడిగాను. "అడిగినా. పోనీలేవే, చిన్నప్పటి మాట అనేసింది" అంది.

తన ఇంట్లో కూడా హేమ మా పద్ధతే పెట్టిందట! నన్ను చూసి నేర్చుకుందట! ఈ పొగడ్త కన్నా చెంపదెబ్బ మేలు.

నాలుగు రోజులు కాలు ఒకచోట నిలవలేదు. చెప్పేస్తాను అనుకున్నాను. వద్దు, ఇప్పుడు ఇద్దరూ కలిశారు కదా అనుకున్నాను. సంతకు పోయి బెండకాయలు కొని, పర్సు అక్కడే మరిచి వచ్చాను. మా ఇంటామె, "పెండ్లిచూపులోళ్లు వస్తాండారన్నట్టు తిరగతాండారే" అని నవ్వింది.

ఇవాళ వచ్చారు. ఎస్తేరు పొడుగ్గా ఉంది, సంచి నిండా జామకాయలు తెచ్చింది. గడపలోనే మొదలైంది ఇద్దరి గోల. "ఏమే, ఇంగా బెండకాయలు ఏరి పక్కన పెడతాండావా?" అంటే, "నువ్వు ఇంగా ఎదుటోళ్ల డబ్బాలోకే సూస్తాండావా?" అని హేమ. మా ఇంటామె నవ్వలేక కడుపు పట్టుకుంది.

కూర్చున్నాం. తట్ట పెట్టాను, కలిపాను. మొదటి ముద్ద చిట్టికి. "నేను బల్లి తోక సూసినా. బల్లి ల్యా, తోకే ఉండాది" అంది గంభీరంగా. అందరూ నవ్వారు. తర్వాత ఎస్తేరు చేతిలో పెట్టాను. గట్టిపడ్డ చేయి. ఆ చేతిలో నా చేత్తో అన్నం పెట్టడం అదే మొదటిసారి. "మా అమ్మకు చెప్పకుండా వచ్చినా" అంది ఎస్తేరు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత హేమ చేతిలో పెట్టాను. అది నోరు తెరవబోతుంటే, ఆగమ్మా, అన్నాను. నా ముద్ద నేను కలుపుకున్నాను. ఎవరూ లేవకముందే అరచేతిలో పెట్టుకున్నాను.

చెప్పాను. నేను బడికి పోవడం, వాంతులని చెప్పడం, వచ్చిన సంగతి దాచమనడం, కొంతమంది అంతే అనడం. ఒకటీ వదల్లేదు.

ఎస్తేరు నా వైపు కాదు, హేమ వైపు తిరిగింది. "అయితే నువ్వు చెప్పల్యా? నీకు వాంతులు కాల్యా?"

"నాకా? యానాడే!"

"నువ్వే చెప్పినావనుకున్నానే నేను! ఇన్నేండ్లూ!"

ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకుంటూ ఉండిపోయారు. ఆ చూపు కోసమైనా చెప్పినందుకు నా ఒళ్లు పులకరించింది. అంతలో ఎస్తేరు నా వైపు తిరిగింది.

"సార్, ఆ దినం బడోళ్లు మా అమ్మను పిలిపించినారు. నీ తిండి తిని పాపకు జబ్బు చేసిందని చెప్పినారు. మా అమ్మ ఆ పులుసు మళ్లా వండల్యా. సంవత్సరం పొడుగునా ఆ పాపకు తగ్గిందా, అడిగినావా అని నన్ను పీకేది. ఇప్పటికీ ఎవురింటికీ ఏమీ వండి పంపదు. హేమ ఇంటికి పోతానంటే భయపడతాదని చెప్పకుండా వచ్చినా."

ఇది నాకు తెలియదు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా ఊహకు రాలేదు. నేను పెట్టిన జబ్బు ఒక తల్లి చేతికి అంటుకుని ఉండిపోయింది. క్షమించమ్మా అని అడగబోయాను. ఎస్తేరు చెయ్యెత్తి ఆపింది. "నాకు కాదు సార్. మా అమ్మకు చెప్పండి. కాణిపాకం దగ్గరుండాది. నేను ఫోన్ చెయ్యను, ముందుగా ఒక మాటా చెప్పను. నాకు చెప్పినట్టే ఎదురుగా కూర్చొని చెప్పండి. ఏమంటాదో నాకు తెలీదు."

హేమ తన చేతిలోని ముద్ద వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ముద్ద మీద చెప్పినావు. కాబట్టి నేను నిన్ను ఏమీ అనకూడదు కదా నాయనా?"

తిట్టి ఉంటే బాగుండేది.

అది తన ముద్దను సగం చేసి ఎస్తేరు చేతిలో పెట్టింది. తినేసి లేచారు. నా ముఖం చూడలేదు. నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయారు. చిట్టి ఒక్కతే గేటు దగ్గర నుంచి చెయ్యి ఊపింది. మా ఇంటామె లోపల గిన్నెలు తోముతోంది, మామూలు కన్నా గట్టిగా.

రేపు పొద్దున మొదటి బస్సుకు పోతాను. సీటు లేకపోతే నిలబడి పోతాను. మార్తమ్మ వాకిట్లో ఏమని పిలవాలి? అక్కా అనాలా? అంత హక్కు నాకుందా? చెప్పాక ఆమె పొమ్మంటే పోతాను. ఒకవేళ పళ్లెం పెట్టి తినమంటే? పెడుతుందనుకోవడం కూడా అత్యాశే. అయినా ఆ ప్రశ్న వదలడం లేదు, అది భయమో సంతోషమో విడదీయలేకపోతున్నాను.

తట్ట ఇంకా నా పక్కనే ఉంది. నా ముద్ద అందులోనే ఉండిపోయింది, పైన ఎండిపోయింది. మధ్యాహ్నం తినలేకపోయాను. ఇప్పుడు ఆకలి వేస్తోంది. ఇది రాసి, దాన్నే తింటాను.