యంత్రానికి నేర్పిన అనుమానం

ఎవరైనా మిమ్మల్ని సేవకు పిలిస్తే, ఆ సేవ ఎవరికని మీరు ఎప్పుడైనా నిలదీశారా?

డెబ్బైల చివర్లో తిరువూరులో నేను నిలదీశాను. పసిపిల్లలకు పాలపొడి పంచే స్వచ్ఛంద సంఘం ఒకటి మా ఊళ్లో గది అద్దెకు తీసుకుంది. చదువుకున్న కుర్రాళ్లు ఊళ్లు తిరిగి పిల్లల వివరాలు రాసుకొస్తే హైదరాబాదులో కంప్యూటర్ లెక్క కడుతుందట. జీతం లేదు, బదులుగా ప్రోగ్రాం రాయడం నేర్పుతారట. దీని వెనక ఏ మతం ఉంది, ఏ పార్టీ ఉంది అని అడిగాను, అనుమానం తీరలేదు. అయినా చేరాను. డిగ్రీ ఉండీ ఉద్యోగం లేనివాడికి ఆ విద్య ఒక్కటే ఆశ.

వినగడప నుంచి నెమలి దాకా ఊళ్లన్నీ తిరిగాం. విన్న ప్రతి జవాబునూ గళ్ల కాగితం మీద అంకెగా మార్చాం. నేర్పుతామన్న విద్య మాత్రం ఎంతకీ రాలేదు. ప్రోగ్రాం రాసే ఇంజనీరు అప్పుడప్పుడు హైదరాబాదు నుంచి వచ్చేవాడు. సంఘం కార్యదర్శి ఆయన్ని మా దగ్గర కూర్చోనిచ్చేవాడు కాదు.

"ముందు సేవ చెయ్యవయ్యా. విద్య దానంతటదే వస్తుంది."

"దానంతటదే వచ్చేది జలుబండీ" అన్నాను.

ఒకరోజు ఇంజనీరు వినగడప లెక్క తెచ్చాడు. మేం చూసిన పిల్లలకన్నా బాగా తక్కువ. పాలపొడి ఆ లెక్క ప్రకారమే వస్తుంది.

"ఇది తప్పు సార్. ఇంతకన్నా ఎక్కువమందిని నా కళ్లతో చూశాను."

కార్యదర్శి నవ్వాడు. "కంప్యూటర్ తప్పు చెబుతుందేంటయ్యా? దేవుణ్ణెలాగూ నమ్మవు, దీన్నీ నమ్మవా?"

"దేవుడి ప్రోగ్రాం ఎవరూ చూపించలేదండీ. దీన్నైనా చూపించండి."

ఇంజనీరుకు ఆ మాట నచ్చినట్టుంది. సంచిలోంచి ప్రోగ్రాం రాసిన కాగితాలు తీసి నా ముందు పరిచాడు. ఒక్కో వరుస ఏం చేస్తుందో అడిగాను, చెప్పాడు. 'మీకెంతమంది పిల్లలు?' అన్న ప్రశ్నకు తల్లి చెప్పిన అంకెనే యంత్రం కూడుతోంది. నాకు విషయం అర్థమైంది. దిష్టి తగులుతుందని మా తల్లులు పిల్లల లెక్క పైకి చెప్పరు. ఒకరిని తగ్గించి చెబుతారు. వినగడపలో ఒకావిడ ముగ్గురిని చుట్టూ పెట్టుకుని "ఇద్దరేనయ్యా" అంది.

"మరి ఈ పాప?"

"అదీ నాదే. వయసు రాసుకో, లెక్కలో మాత్రం చెప్పను!"

వయసులు విడిగా రాశాం. యంత్రం వాటిని లెక్కపెట్టనేలేదు. తల్లి దిష్టిని నమ్మింది, యంత్రం తల్లిని నమ్మింది, కార్యదర్శి యంత్రాన్ని నమ్మాడు.

"వయసుల్ని లెక్కపెట్టించి, చెప్పిన అంకెతో పోల్చిస్తే?" అన్నాను.

"అయితే నువ్వే రాయి" అన్నాడు ఇంజనీరు.

ఆయన వరుసల్నే నమూనాగా పెట్టుకుని కాగితం మీద పెన్సిలుతో రాశాను. ఆయన హైదరాబాదులో దాన్ని, యంత్రం చదివే కార్డుల మీద రంధ్రాలుగా కొట్టించి ఇచ్చాడు. ఒకచోట చుక్క మరిచానని అది మొత్తం తిప్పికొట్టింది. దిద్ది మళ్లీ పంపాను. ఈసారి తల్లులు దాచిన పిల్లలందరూ బయటికొచ్చారు, వాళ్లకూ పాలపొడి వచ్చింది. సభలో కార్యదర్శి "మా కంప్యూటర్ కనిపెట్టింది" అని చాటుకున్నాడు. ఆ ప్రోగ్రాం పట్టుకునే నేను హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లాను. అడగని మిత్రులు గళ్లు నింపుతూనే ఉండిపోయారు.

జీతం లేని పనిలో ఉన్నారా? రేపే వెళ్లి అసలు పని చూపించమనండి. మీ చేతికి ఇచ్చేదాకా అక్కణ్ణుంచి లేవకండి.